పాత లారీకి గేర్ ఆయిల్ ఏది పోయాలి, గ్రీజు ఎక్కడ ఎంత పెట్టాలి?

ప్రశ్న: మా నాన్నగారు నడిపిన 1950ల నాటి పెట్రోల్ లారీ పదిహేనేళ్ళుగా షెడ్డులో కదలకుండా ఉంది. ఇంజను పని పూర్తయింది. ఇక గేర్‌బాక్స్, దాని నుంచి వెనుక ఇరుసుకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్, ఆ ఇరుసు మధ్య పళ్ళచక్రాలుండే వెనుక హౌసింగ్ మిగిలాయి. గేర్‌బాక్స్‌లో నాలుగు గేర్లున్నాయి, మొదటిది తప్ప మిగిలినవాటికి సింక్రోమెష్ (గేరు మార్చేటప్పుడు వేగాలను సమం చేసే ఏర్పాటు) ఉంది. మాన్యువల్‌లో ‘మినరల్ గేర్ ఆయిల్, ఎస్ఏఈ 90’ అని రాసి ఉంది (90 అన్నది చిక్కదనం అంకె). ఇప్పుడు దొరికే జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 పాతదానికంటే మేలైనది, అన్నిచోట్లా అదే పోసేయమని ఒకరు చెప్పారు. గేర్‌బాక్స్ కారుతోంది కాబట్టి అందులో గ్రీజు నింపమని మరొకరు అన్నారు. షాఫ్ట్ చివర్ల కీళ్ళలో ఉండే క్రాసుల్లో ఒకదానికి గ్రీజు ఎక్కడం లేదు. పని చేసే చోటికి లారీని మరో బండికి కట్టి సుమారు 40 కిలోమీటర్లు లాక్కెళ్ళాలని అనుకుంటున్నాం. ఏ పని ఎలా చేయాలో చెప్పగలరా?

సమాధానం: మీరు చివర రాసిన సంగతికే ముందుగా జవాబు చెప్పాలి. మిగిలిన పనుల్లో పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి నెలల గడువు ఉంటుంది, లాక్కెళ్ళడంలో జరిగితే గంట కూడా ఉండదు. బండి న్యూట్రల్‌లో ఉంది కదా, లాగితే గేర్‌బాక్స్‌కు ఏమవుతుందని చాలామంది అనుకుంటారు. మీ లారీలో ఉన్నటువంటి గేర్‌బాక్స్‌లో అడుగున ఉండే లే షాఫ్ట్ పళ్ళు నూనెలో మునిగి తిరుగుతూ, ఆ నూనెను పైకి చిమ్మితేనే మెయిన్ షాఫ్ట్ మీది బుష్షులకూ బేరింగులకూ తడి అందుతుంది. లే షాఫ్ట్‌ను తిప్పేది ఇంజను. ఇంజను ఆపి బండిని లాగినప్పుడు వెనుక చక్రాలు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను, అది మెయిన్ షాఫ్ట్‌ను తిప్పుతాయి గాని, లే షాఫ్ట్ మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. పదిహేనేళ్ళుగా నూనె జారిపోయిన బుష్షుల మీద 40 కిలోమీటర్లు పొడిగా తిరిగితే అవి పట్టేయడానికే ఎక్కువ అవకాశం ఉంది. కాబట్టి బయలుదేరే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను వెనుక హౌసింగ్ ఫ్లాంజి (బోల్టులతో కలిపే గుండ్రని అంచు) దగ్గర విప్పి, మొత్తంగా తీసి బండిలో పెట్టుకోండి. విప్పకముందే ఫ్లాంజి మీద, యోక్ (క్రాసును పట్టుకునే రెండు చేతుల ముక్క) మీద, స్లీవ్ జాయింట్ (షాఫ్ట్ పొడవు సర్దుకునేలా ఒకదానిలో ఒకటి జారే భాగం) రెండు ముక్కల మీద ఉలితో చిన్న గాట్లు పెట్టండి. ఆ గాట్లు ఎందుకో తరువాత చెబుతాను. చక్రాల బేరింగుల పరిస్థితి తెలియకుండా అంత దూరం లాగడం కూడా మంచిది కాదు. వీలైతే లారీని మరో వాహనం మీదికి ఎక్కించి తీసుకువెళ్ళండి.

ఇక ఆయిల్ విషయం. మీకు సలహా ఇచ్చినవారు సదుద్దేశంతోనే చెప్పారు, కాని ‘కొత్తది కాబట్టి మేలు’ అన్న లెక్క గేర్ ఆయిల్‌కు సరిపడదు. ఏ పెట్టెలో ఏ ఆయిల్ పోయాలన్నది ఆ పెట్టెలో ఏ లోహాలు ఉన్నాయి, పళ్ళు ఒకదానిమీద ఒకటి ఎలా కదులుతాయి అన్న రెండు సంగతులను బట్టి తేలుతుంది. మీ లారీలో గేర్‌బాక్స్‌కు ఒక జవాబు, వెనుక హౌసింగ్‌కు వేరొక జవాబు రావచ్చు. ఒకే డబ్బాతో అన్నీ నింపడం సులువే గాని, గేర్‌బాక్స్ ఆ సులువుకు మూల్యం చెల్లిస్తుంది.

జీఎల్ అంకెలు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన తరగతులు. జీఎల్-1 అంటే అధిక పీడనాన్ని తట్టుకునే రసాయనాలేవీ కలపని శుద్ధ మినరల్ నూనె. మీ మాన్యువల్‌లో రాసి ఉన్నది ఇదే. జీఎల్-4లో ఆ రసాయనాలు మితంగా ఉంటాయి. జీఎల్-5లో సాధారణంగా దానికి రెట్టింపు ఉంటాయి. ఈ రసాయనాల్లో ముఖ్యమైనవి గంధకం, భాస్వరం కలిసిన పదార్థాలు. పళ్ళ మధ్య ఒత్తిడి పెరిగి ఆ చోటు వేడెక్కినప్పుడు అవి ఉక్కుతో కలిసి సన్నని మెత్తని పొరగా ఏర్పడతాయి. రాపిడికి అరిగేది ఆ పొరే కాబట్టి కింది ఉక్కుకు దెబ్బ తగలదు. వెనుక హౌసింగ్‌లోని క్రౌన్ వీల్ (పెద్ద పళ్ళచక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం)లకు ఇది ప్రాణరక్షణ.

అయితే మీ గేర్‌బాక్స్‌లో ఉక్కు ఒక్కటే లేదు. సింక్రో రింగులు ఇత్తడివో కంచువో అయి ఉంటాయి, బుష్షులు కంచువి, కొన్ని థ్రస్ట్ వాషర్లు కూడా అంతే. వీటన్నిటిలో రాగి ఉంటుంది, రాగికీ గంధకానికీ పడదు. వేడి పెరిగేకొద్దీ గంధకం రాగిని నల్లబరిచి తినడం మొదలుపెడుతుంది. రెండో ఇబ్బంది కూడా ఉంది. సింక్రో రింగు పని జారిపోవడం కాదు, పట్టుకోవడం. గేరు మార్చే క్షణంలో రింగు లోపలి సన్నని మరలు నూనె పొరను కోసుకుని గేరు శంకువును పట్టి, రెండిటి వేగాన్నీ సమం చేయాలి. అక్కడ మరీ జారుడుగా ఉండే నూనె ఉంటే ఆ పట్టు దొరకక, రింగు కొత్తదే అయినా గేరు కరకరమంటుంది.

చాలా ఏళ్ళ క్రితం నేను స్వయంగా ఈ పొరపాటు చేశాను. మీ లారీకి సమకాలికమైన ఒక బండి గేర్‌బాక్స్‌ను శ్రద్ధగా బాగుచేసి, దొరికినవాటిలో ఖరీదైన జీఎల్-5 ఆయిల్ పోశాను. రెండు వేసవులు గడిచాక మూడో గేరు వేస్తే శబ్దం రాసాగింది. ఆయిల్ దించి తెల్లని పళ్ళెంలో పోసి ఎండలో పట్టి చూస్తే, తేనెలో బంగారు రంగు పొడి కలిపినట్టు మెరిసింది. అయస్కాంతం ముంచితే ఆ మెరుపు దానికి అంటుకోలేదు, అంటే అది ఇనుము కాదు. పెట్టె విప్పితే రింగుల బయటి వైపు నల్లబడి ఉంది, లోపలి మరల అంచులు మొద్దుబారి వేలికి నున్నగా తగిలాయి. అప్పటినుంచి ఇత్తడి రింగులున్న ఏ పాత గేర్‌బాక్స్‌లోనూ నేను జీఎల్-5 పోయలేదు.

న్యాయంగా చెప్పాలంటే, నేటి జీఎల్-5 ఆయిళ్ళన్నీ రాగిని ఒకేలా తినవు. గంధకం అంత చురుకుగా లేకుండా తయారుచేసినవి ఉన్నాయి. దీన్ని తేల్చడానికి ఏఎస్‌టీఎమ్ డీ130 అనే పరీక్ష ఉంది. మెరుగుపెట్టిన రాగి రేకును ఆయిల్‌లో ముంచి, గేర్ ఆయిళ్ళ విషయంలో సాధారణంగా 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 గంటలు ఉంచి, రేకు ఎంత రంగు మారిందో 1 నుంచి 4 వరకు అంకె వేస్తారు. 1ఏ, 1బీ అంటే మార్పు నామమాత్రం, 4 అంటే తినేసినట్టు. ఆయిల్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో చాలాసార్లు ఈ అంకె ఉంటుంది, కొనేముందు తప్పక చూడండి. కాని ఆ అంకె బాగున్నంత మాత్రాన రింగుల పట్టు సమస్య తీరదు. అందుకే మీ గేర్‌బాక్స్‌కు నా సలహా మాన్యువల్ చెప్పిన మినరల్ 90, అంటే జీఎల్-1. అది దొరకకపోతే జీఎల్-4 మాత్రమే రాసి ఉన్న 80డబ్ల్యూ-90 పోయవచ్చు. ‘మాత్రమే’ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ‘జీఎల్-4/జీఎల్-5’ అని రెండూ రాసిన డబ్బాలు కనిపిస్తాయి, వాటిలో రసాయనాల మోతాదు జీఎల్-5దే అయి ఉంటుంది.

మీ దగ్గర మాన్యువల్‌కు తోడు పాత సర్వీసు పత్రాలేవైనా ఉంటే వాటిలో జీఎల్ అంకెలకు బదులు ‘ఎంఐఎల్-ఎల్-2105’ అని ఉండవచ్చు. అది అమెరికా సైన్యం పెట్టిన ప్రమాణం, నేటి జీఎల్-4కు దగ్గరది. దాని చివర ‘బీ’ అక్షరం ఉంటే అది 1962లో వచ్చిన ప్రమాణం, జీఎల్-5కు సమానం. ఒక్క అక్షరంతో అర్థం మారిపోతుంది కాబట్టి చదివేటప్పుడు జాగ్రత్త.

చిక్కదనం అంకెల విషయంలో కూడా ఒక తికమక ఉంది. గేర్ ఆయిల్ 90 అన్న అంకె చూసి అది ఇంజన్ ఆయిల్ 50కి దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటుందని అనుకోవడం సహజం. ఆ రెండూ వేర్వేరు కొలబద్దలు. వేడెక్కాక గేర్ ఆయిల్ 90, ఇంజన్ ఆయిల్ 40 లేదా 50 చిక్కదనానికి దగ్గరగా ఉంటుంది. కొన్ని పాత మాన్యువళ్ళలో గేర్‌బాక్స్‌కు ఇంజన్ ఆయిల్ 50 పోయమని ఉండటం అచ్చుతప్పు కాదు. మరొక సంగతి పాత బండ్లవారికి ప్రత్యేకంగా పనికివస్తుంది. 2005లో గేర్ ఆయిల్ కొలబద్దను మార్చారు. అంతకుముందు 100 డిగ్రీల దగ్గర 13.5 నుంచి 24 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) వరకు ఎంత ఉన్నా 90 అనే పిలిచేవారు. ఆ తరువాత 18.5 లోపు ఉన్నదే 90 అయింది, దానికి పైన 24 లోపుది 110 అనే కొత్త అంకె కిందికి వెళ్ళింది. అంటే మీ నాన్నగారు పోసిన 90 నేటి 90 కంటే చిక్కనిదై ఉండే అవకాశం ఉంది. అరిగిన గేర్‌బాక్స్ నేటి 90తో శబ్దం చేస్తే 110 ప్రయత్నించడం మాన్యువల్‌ను ఉల్లంఘించినట్టు కాదు. నేరుగా 140కి వెళ్ళవద్దు. చల్లని ఉదయాల్లో అది సింక్రో రింగులకు అడ్డుపడి గేరు వేయనివ్వదు.

వెనుక హౌసింగ్‌లో ఏ రకం పళ్ళున్నాయో తెలియకుండా ఆయిల్ కొనవద్దు. పాత లారీల్లో మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది స్పైరల్ బెవెల్. ఇందులో పినియన్ ఇరుసు క్రౌన్ వీల్ మధ్య గీతకు సూటిగా ఉంటుంది, పళ్ళు ఎక్కువగా దొర్లుతాయి, తక్కువగా జారతాయి. దీనికి మినరల్ 90 లేదా 140, లేకపోతే జీఎల్-4 సరిపోతుంది. రెండోది హైపాయిడ్. ఇందులో పినియన్ మధ్య గీతకు కిందికో పైకో తప్పుకుని ఉంటుంది. 1926లో ప్యాకార్డ్ కార్లతో వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతి తరువాత లారీలకూ పాకింది. ఇందులో పళ్ళు దొర్లుతూనే పొడవునా జారతాయి, ఆ జారుడులో మామూలు నూనె పొర తెగిపోతుంది. దీనికి జీఎల్-5 తప్పనిసరి, ఇక్కడ మినరల్ 90 పోస్తే కొద్ది వందల కిలోమీటర్లలోనే పళ్ళు గీరుకుపోవచ్చు. మూడోది వర్మ్. ఉక్కు మర ఒకటి కంచు చక్రాన్ని తిప్పుతుంది. ఇందులో జీఎల్-5 ఎంతమాత్రం పనికిరాదు, శుద్ధ మినరల్ నూనె చిక్కనిదే పోయాలి.

విప్పకుండానే మొదటి రెండిటినీ గుర్తుపట్టవచ్చు. బండి పక్కన కూర్చుని, పినియన్ ఫ్లాంజి మధ్యనుంచి పినియన్ ఉన్న వాలులోనే ఒక ఊహాగీతను హౌసింగ్ లోపలికి పొడిగించండి. ఆ గీత ఇరుసు గొట్టాల మధ్యకు తగిలితే స్పైరల్ బెవెల్, స్పష్టంగా కిందినుంచో పైనుంచో పోతే హైపాయిడ్. ఫ్లాంజి ఎత్తును మాత్రమే చూసి నిర్ణయించవద్దు, పినియన్ ముక్కు పైకెత్తి బిగించి ఉంటే కంటికి మోసం తగులుతుంది. రెండంచెల పళ్ళున్న డబుల్ రిడక్షన్ హౌసింగ్‌కు ఈ పరీక్ష పనిచేయదు, అక్కడ మాన్యువల్ మాటే వినాలి. వర్మ్ అయితే హౌసింగ్ ఆకారమే చెబుతుంది. షాఫ్ట్ హౌసింగ్ పైభాగాననో బాగా అడుగుననో లోపలికి వెళుతుంది.

ఆయిల్ దించే పని మొదలుపెట్టేటప్పుడు ముందుగా విప్పాల్సింది కింది డ్రెయిన్ ప్లగ్ కాదు, పక్కన ఉండే ఫిల్లర్ ప్లగ్. అడుగుది విప్పి నూనంతా దించాక, పక్కది తుప్పుతో బిగుసుకుపోయి రాకపోతే, నూనె లేని పెట్టెతో ఎటూ కదల్లేక ఆగిపోతారు. ప్లగ్ చుట్టూ ఉన్న మడ్డిని ముందు గీకి, బ్రష్షుతో తుడిచి, తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి ఆగండి. చతురస్రపు గుంత ఉన్న ప్లగ్ అయితే దానికి సరిగ్గా సరిపడే కొలత ముక్కనే పానాకు పెట్టండి. వదులుగా ఉన్నదానితో ఒకసారి మూలలు గుండ్రబడ్డాయంటే తరువాత వెల్డింగ్ తప్ప దారి ఉండదు.

ప్లగ్ వచ్చాక లోపలికి చిటికెనవేలు పెట్టి, కిందికి వంచి చూడండి. వేలి కొనకు నూనె వెంటనే తగిలితే మట్టం సరిగ్గా ఉన్నట్టు. తగిలిన నూనెను బొటనవేలితో రుద్దండి, గరుకు తగిలితే లోహపు రజను ఉంది. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీరు చేరింది. పదిహేనేళ్ళు నిలబడిన బండిలో నీరు చాలావరకు అడుగున వేరుపడి ఉంటుంది. కాబట్టి బండిని కదిలించకముందే డ్రెయిన్ ప్లగ్‌ను పూర్తిగా తీయకుండా వదులుచేసి, మొదట కారే నాలుగు చుక్కలను గాజు సీసాలో పట్టండి. నీరుంటే అదే ముందు వస్తుంది. నీరు వచ్చిన పెట్టెకు పైమూత తీసి చూడకుండా ఆయిల్ మార్చి ఊరుకోవద్దు. చెరువు గట్టు మీద నీటిమట్టం గుర్తు మిగిలినట్టు, పళ్ళ మీద నూనెలో మునిగిన భాగం శుభ్రంగా ఉండి, దాని పైనున్న భాగం ఎర్రగా తుప్పు పట్టి కనిపించవచ్చు. పళ్ళ మీది పలుచని తుప్పు పనిలో అరిగిపోతుంది గాని, బేరింగు గుండ్ల మీద గుంతలు పడితే ఆ బేరింగు మార్చవలసిందే.

అడుగున మడ్డి ఉంటే కిరోసిన్ పోసి బండి నడపమని చెప్పేవారు ఉంటారు, దయచేసి ఆ పని చేయవద్దు. కిరోసిన్‌కు బేరింగును మోసే పొర ఉండదు, పైగా మూలల్లో మిగిలినది కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది. మూత తీసి ఉంటే కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో తుడిచి, గుడ్డతో ఒత్తి, ఆరబెట్టండి. మూత తీయకపోతే పలుచని మినరల్ నూనెను మట్టం వరకు పోసి, వెనుక ఇరుసును గట్టి స్టాండుల మీద నిలిపి, ముందు చక్రాలకు అటూఇటూ దిమ్మలు పెట్టి, ఇంజను నెమ్మదిగా ఉంచి తక్కువ గేరులో అయిదు నిమిషాలు తిప్పి, వేడిగా ఉండగానే దించేయండి. జాకీ మీద ఉన్న బండి చక్రాలను ఎప్పుడూ ఇంజనుతో తిప్పకూడదు.

గ్రీజు నింపమన్న సలహా గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ మాట తరతరాలుగా వినిపిస్తోంది, దానివల్ల పాడైన గేర్‌బాక్స్‌లూ తరతరాలుగా వస్తున్నాయి. నూనెకు పారే గుణం ఉంది, పళ్ళు దాన్ని పక్కకు నెట్టినా వెంటనే తిరిగి ఆ చోటికి చేరుతుంది. గ్రీజుకు ఆ గుణం లేదు. మొదటి కొన్ని చుట్లలోనే పళ్ళు గ్రీజులో తమకు సరిపడా కాలువ కోసుకుంటాయి, ఆ తరువాత ఖాళీ కాలువలో పొడిగా తిరుగుతుంటాయి. గ్రీజు పెట్టె గోడలకు అంటుకుని అక్కడే ఉంటుంది. మెయిన్ షాఫ్ట్ బుష్షులకున్న సన్నని నూనె రంధ్రాల్లోకి అది ఎప్పటికీ చేరదు. కారడం ఆగుతుంది, నిజమే, కాని ఆగేది నూనె అందడం కూడా.

కారుడుకు అసలు కారణం వెతకండి. మొదట బ్రీదర్ చూడండి. గేర్‌బాక్స్ మీద, హౌసింగ్ మీద చిన్న టోపీలా ఉండే ఆ గాలి రంధ్రం మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన గాలి లోపల ఒత్తిడి పెంచి మంచి సీలు గుండా కూడా నూనెను బయటికి తోస్తుంది. దాన్ని విప్పి కిరోసిన్‌లో కడిగి ఊది చూస్తే చాలు, సగం కారుడ్లు అక్కడే ఆగడం నేను చూశాను. మట్టం కంటే ఎక్కువ పోయడం రెండో కారణం. ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా వస్తే చాలు, అంతకుమించితే నూనె నురగ కట్టి సీళ్ళమీదికి వస్తుంది. ఆ రెండూ సరిగ్గా ఉండి ఇంకా కారితే సీలు మార్చాలి. మీ లారీ వయసుకు సీళ్ళు తోలువి అయి ఉండవచ్చు. ఎండిన తోలు సీలు కొన్నిసార్లు నూనె తగిలాక మళ్ళీ మెత్తబడి పట్టుకుంటుంది, కాబట్టి కొత్త ఆయిల్‌తో వందో రెండు వందలో కిలోమీటర్లు తిరిగాక నిర్ణయించండి. కొత్త తోలు సీలు వేస్తే గోరువెచ్చని నూనెలో నానబెట్టి వేయండి. షాఫ్ట్ మీద సీలు ఆనే చోట గోటికి తగిలే గాడి ఉంటే ఎన్ని సీళ్ళు మార్చినా ప్రయోజనం లేదు, దాని మీద పలుచని ఉక్కు తొడుగు ఎక్కించాలి.

ఇప్పుడు క్రాసులు. గ్రీజు గన్ పట్టేముందు షాఫ్ట్‌ను ఒక చేత్తో, యోక్‌ను మరో చేత్తో పట్టి ఎదురెదురుగా మెలిపెట్టండి. చేతికి ఏ కొంచెం ఆట తగిలినా ఆ క్రాసు పని అయిపోయింది, గ్రీజు దాన్ని బాగుచేయదు. క్రాసు కాళ్ళ చివర్ల ఉండే కప్పుల అంచుల్లో కుంకుమ రంగు పొడి కనిపించినా అంతే. లోపలి సూది బేరింగులు పొడిగా రాసుకుని తుప్పుపొడి అయిన గుర్తు అది. ఆట లేకపోతే గ్రీజు ఎక్కించే చిన్న మొన అయిన నిప్పుల్‌ను శుభ్రంగా తుడిచి, చేత్తో నొక్కే గన్‌తో నెమ్మదిగా గ్రీజు ఎక్కించండి. గాలి ఒత్తిడితో పనిచేసే గన్ వద్దు, అది పాత సీళ్ళను బయటికి తన్నేస్తుంది. క్రాసు లోపల నాలుగు కాళ్ళకూ సన్నని దారులుంటాయి. నాలుగు కప్పుల అంచుల నుంచీ ముందు నల్లనిదో ఎర్రనిదో పాత గ్రీజు వచ్చి, ఆ తరువాత కొత్త రంగు కనిపించాలి. మూడింట కనిపించి నాలుగోదానిలో కనిపించకపోతే పని పూర్తయినట్టు కాదు, ఆ నాలుగో కాలే రేపు విరిగేది.

మీ క్రాసుకు గ్రీజు అసలు ఎక్కకపోతే ముందు నిప్పుల్‌ను మార్చి చూడండి, లోపలి చిన్న గుండు తుప్పుతో అంటుకుపోవడం మామూలే. ఒక కప్పుకు మాత్రమే రాకపోతే, సహాయకుడు గన్ నొక్కుతుండగా మీరు షాఫ్ట్‌ను ఆ కప్పుకు ఎదురు వైపుకు నెట్టి, అటూఇటూ కదిలించండి. అప్పటికీ రాకపోతే ఆ కప్పు పట్టీ బోల్టులను ఒక మిల్లీమీటరు మేర వదులుచేసి, గ్రీజు వచ్చాక మళ్ళీ బిగించండి. ఇంకా మొండికేస్తే క్రాసు తీసి దారుల్లో గట్టిపడిన గ్రీజును సన్నని తీగతో తీయాల్సిందే. కొన్ని పాత క్రాసులకు మధ్యలో ఒత్తిడి వదిలే వాల్వు ఉంటుంది. అలాంటివాటిలో గ్రీజు కప్పుల నుంచి కాక ఆ వాల్వు నుంచి వస్తుంది, దాన్ని చూసి లోపమనుకోవద్దు. మరికొన్ని తొలి నాటి సూది బేరింగు క్రాసులకు మాన్యువల్‌లో గ్రీజు కాకుండా 140 గేర్ ఆయిల్ చెప్పి ఉంటుంది. మీది అలాంటిదైతే మాన్యువల్ ప్రకారమే నడవండి.

ఇందాక గాట్లు పెట్టమన్నది స్లీవ్ జాయింట్ కోసం. షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు ఒకే దిశలో ఉంటేనే ఒక క్రాసు పుట్టించే వేగపు హెచ్చుతగ్గులను మరొకటి సరిచేస్తుంది. స్లీవ్‌ను ఒక్క పల్లు తప్పించి కూర్చినా బండి వణుకుతుంది, ఆ వణుకు క్రాసులనూ హౌసింగ్ బేరింగులనూ తినేస్తుంది. గాట్లు కలిపి కూర్చాక స్లీవ్ నిప్పుల్‌కు గ్రీజు పెట్టండి. మూత మధ్యలో చిన్న రంధ్రం ఉన్న రకమైతే, గ్రీజు ముందు ఆ రంధ్రంలోంచి సన్నని దారంలా వస్తుంది. అప్పుడు ఆ రంధ్రాన్ని వేలితో మూసి, మరో చివర సీలు అంచున కొత్త గ్రీజు కనిపించేదాకా నొక్కండి. వేలు పెట్టకుండా ఆపేస్తే సగం పళ్ళు పొడిగానే ఉండిపోతాయి.

ఏ గ్రీజు అంటారా? క్రాసులకు, స్లీవ్‌కు, చక్రాల హబ్బులకు ఎన్‌ఎల్‌జీఐ 2 చిక్కదనం ఉన్న లిథియం కాంప్లెక్స్ గ్రీజు ఒక్కటే చాలు. కాని పాత గ్రీజు ఏ రకమో తెలియదు కాబట్టి హబ్బుల్లో దాని మీద కొత్తది పెట్టవద్దు. లిథియం గ్రీజు 1940లలో వచ్చింది, మీ లారీ నాటికి చక్రాల బేరింగులకు పీచులా సాగే సోడియం గ్రీజే ఎక్కువగా వాడేవారు. రెండు రకాలు కలిస్తే మిశ్రమం నీళ్ళలా జారి బ్రేకు లైనింగుల మీదికి రావచ్చు. బేరింగును కిరోసిన్‌లో కడిగి, ఆరనిచ్చి, అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని బేరింగు వెడల్పు అంచును దానికేసి నొక్కుతూ, రెండో అంచున రోలర్ల మధ్యనుంచి గ్రీజు పొంగేదాకా చుట్టూ తిప్పండి. హబ్బు గుల్లను నింపకండి, తుప్పు పట్టకుండా లోపలి గోడకు పలుచగా పూస్తే చాలు.

క్లచ్ రిలీజ్ బేరింగుకు బయటినుంచి గ్రీజు కప్పు ఉంటే దాన్ని ఒక్క చుట్టు మాత్రమే తిప్పండి. ఎక్కువైనది క్లచ్ ప్లేటు మీదికే పోతుంది. ఒకవేళ గేర్‌బాక్స్ దించవలసి వస్తే ఫ్లైవీల్ మధ్యనున్న కంచు బుష్షును మరవకండి. అది సన్నని రంధ్రాలున్న నూనె పీల్చే రకమైతే గ్రీజు పూయకూడదు. ఒక వైపు బొటనవేలితో మూసి, లోపల ఇంజన్ ఆయిల్ నింపి, రెండో బొటనవేలితో గట్టిగా నొక్కండి. కాసేపటికి బుష్షు బయటి వైపు చెమట పట్టినట్టు నూనె చుక్కలు కనిపిస్తాయి, అప్పుడు అది సిద్ధమైనట్టు.

అన్నీ అయ్యాక మొదటిరోజు ఖాళీ బండితో పది, పదిహేను కిలోమీటర్లకు మించి తిప్పవద్దు. ఆగిన వెంటనే గేర్‌బాక్స్, హౌసింగ్, నాలుగు హబ్బుల మీద చేయి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి వేడి పోల్చండి. ఒక హబ్బు మిగిలిన మూడింటికంటే స్పష్టంగా వేడిగా ఉంటే అక్కడ బేరింగు బిగువో బ్రేకు పట్టో ఉన్నట్టు. తరువాత 500 కిలోమీటర్లకు, ఆయిల్ ఇంకా కొత్తగానే కనిపించినా సరే, గేర్‌బాక్స్, హౌసింగ్ రెండిటిలోనూ దించేయండి, పదిహేనేళ్ళ మడ్డిలో మిగిలినది కరిగి వచ్చేది ఈ మొదటి విడతలోనే. దించినదాన్ని తెల్లని పళ్ళెంలో పోసి అయస్కాంతం తిప్పండి. బూడిద రంగు మెత్తని ముద్ద అంటుకుంటే అది మామూలు అరుగుదల. గోటితో పట్టుకోగల పలుకులు దొరికితే మూత విప్పాలి. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపు గేర్‌బాక్స్ నూనెలో కనిపిస్తే, ఆ నూనె ఒక సీసాలో దాచి, పోసిన ఆయిల్ డబ్బా మీది అక్షరాలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా నాకు మరో ఉత్తరంలో రాయండి.